వ్యానులో సైకిలు ప్రయాణము

నడచుచున్నంతసేపు నిలుచుట, నిలిచిన మరుక్షణమున పడుట సైకిలు స్వభావము. రెండు చక్రములును ఒకే గీతపై నుండుటచే దానికి పీఠమన్నది లేదు. స్టాండు వేసినను, గోడకు చేరవేసినను అది పరాశ్రయమున నిలుచుచున్నదే. ఇట్టి వస్తువును ఒక వ్యానులోపల నిలిపి, గతుకులును మలుపులును గల దారిలో నూరు కిలోమీటర్లు తీసికొనిపోవలసి వచ్చినపుడు మనలో పెక్కుమంది చేయు పని ఒకటే: తాడొకటి తెచ్చి, నాలుగు చుట్లు చుట్టి, గట్టిగా ముడివేసి, తలుపు మూయుట. ఆ తాడు సైకిలును పడకుండ నిలుపవచ్చును, కదలకుండ నిలుపలేదు. పడుట వేరు, కదలుట వేరు. వ్యానులో సైకిలునకు కలుగు హానిలో అధికభాగము పడుటవలన గాక, గంటలకొలది చిన్నచిన్నగా కదలుచు, ప్రక్కనున్న దానిని రాచుకొనుచు, తట్టుకొనుచు పోవుటవలననే కలుగుచున్నది.

పూర్వము మన ప్రాంతములందు సైకిలు ప్రయాణము చేయవలసి వచ్చినచో రెండే మార్గములుండెడివి. ఒకటి బస్సుపైకెక్కించుట, వెనుకనున్న నిచ్చెన మీదుగా కండక్టరో కూలియో దానిని పైకి లాగి, మూటల నడుమ పడుకోబెట్టి కట్టివేసెడివారు. రెండవది రైలు బ్రేకు వ్యానులో పార్సెలుగా వేయుట. గోనెపట్టాలు చుట్టి, పురికొసతో కుట్టి, చిరునామా చీటీ తగిలించి అప్పగించెడివారు. ఆనాటి సైకిలు దళసరి ఉక్కు గొట్టములతో సుమారు 20 కిలోల బరువుండి, ఎన్ని దెబ్బలకైనను ఓర్చెడిది. మడ్‌గార్డు సొట్టపోయినచో వీధి చివరి దుకాణములో సుత్తితో సరిచేయించుకొనువారు. నేడట్లు కాదు. పలుచని అల్యూమినియపు ఫ్రేములు, కార్బన్ నారతో చేసిన ఫోర్కులు, డిస్కు బ్రేకులు, పది పన్నెండు పళ్లచక్రముల గేర్లు గల సైకిళ్లు మధ్యతరగతి ఇండ్లలోనికి వచ్చినవి. వీనికి లోపల తగిలిన దెబ్బ పైకి కనబడదు. అందుచేతనే ఈ కట్టుట అను విద్యను కొంత శ్రద్ధగా తెలిసికొనవలసియున్నది.

నా అనుభవమొకటి చెప్పెదను. కొన్నేండ్ల క్రిందట పుష్యమాసపు చలిదినములలో, మా అన్నగారి పిల్లలతో గూడి విశాఖపట్నమునుండి అరకులోయకు బయలుదేరితిమి. అచ్చటి పల్లెదారులలో సైకిళ్లపై తిరుగవలెనని పిల్లల కోరిక. నాలుగు సైకిళ్లు: రెండు పాతకాలపు నల్లసైకిళ్లు, ఒక గేర్ల సైకిలు, ఒక చిన్నపిల్లవాని సైకిలు. వ్యాను వెనుక సీటు మడచి, నాలుగింటిని ఒకదానికొకటి ఆనించి, నైలాను తాడుతో కట్టెలు గట్టినట్లు ఒకే కట్టగా కట్టితిమి. నేను సందేహించుచుండగా డ్రైవరు, “ఏటీ అవదు బాబూ, ఎక్కడికీ కదలవు” అనెను. అతని మాట నిజమే యనిపించినది. నేనును చేతితో ఊపి చూచి తృప్తిపడితిని. శృంగవరపుకోట దాటువరకు ఏమియు కాలేదు. ఘాటురోడ్డెక్కి, మొదటి మలుపులు తిరిగి, టైడా సమీపించుచుండగా ఎదురుగా వచ్చిన లారీకి దారియిచ్చుటకై డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేసెను. ఒకదానితో నొకటి కట్టబడియున్న ఆ నాలుగు సైకిళ్లును ఒకే శరీరముగా ముందుకు జరిగినవి. గేర్ల సైకిలు వెనుకనున్న గేరుమార్చు యంత్రము లోపలికి వంగి చక్రపు స్పోకులలో ఇరుకుకొనెను. పిల్లవాని సైకిలు పెడలు నల్లసైకిలు చక్రములో దూరి నాలుగు స్పోకులను విరిచెను. అన్నిటికంటె ముఖ్యమైనది, నేటికిని తలచుకొనిన గుండె జల్లుమనునది వేరొకటి కలదు: ఒక హ్యాండిల్ బారు కొన, ముందు వరుసలో నిద్రించుచున్న మా చిన్నవాని తలకు జానెడు దూరమున వచ్చి ఆగెను. తప్పు డ్రైవరు ఒక్కనిది కాదు. ఆ ముడిని చూచి సరేయన్న మా అందరిది.

మేము కట్టిన కట్టలో లోపమేమి? సైకిళ్లను సైకిళ్లకు కట్టితిమి, వ్యానుకు కట్టలేదు. వ్యాను ఆగినను, దానిలో ఎక్కడను తగుల్కొనని వస్తువు తన వేగముతో ముందుకు పోవుచునే యుండును. న్యూటను 1687లో ప్రకటించిన గతిసూత్రములలో మొదటిది చెప్పుచున్నది ఇదియే. లెక్కవేసి చూడుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు వ్యానులోని 20 కిలోల సైకిలునకు గల గమనశక్తి, అదే సైకిలు సుమారు 14 మీటర్ల ఎత్తునుండి, అనగా నాలుగంతస్తుల మేడపైనుండి క్రిందపడునప్పటి శక్తితో సమానము. వ్యాను దేనినైన ఢీకొని సెకనులో పదియవ వంతు కాలమున ఆగిపోయినచో, సైకిలును వెనుకకు పట్టియుంచుటకు దాదాపు 340 కిలోల బరువును మోయగల పట్టు కావలెను. అంతటి ప్రమాదము దేవుడెరుగు, ఎన్నటికిని రాకుండుగాక. కాని మామూలుగా గట్టిగా బ్రేకు వేసినప్పుడే సైకిలు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలముతో, అనగా 16 కిలోల బలముతో ముందుకు తోసికొనిపోవును. ఐరోపా దేశములలో సరకులు కట్టుటకు ఏర్పరచుకొనిన ప్రమాణములోను లెక్క ఇదే: ముందువైపునకు బరువులో పదింట ఎనిమిది వంతులు, ప్రక్కలకును వెనుకకును సగము. ఘాటురోడ్డు మలుపునందు, పదునైదు మీటర్ల వ్యాసార్ధముగల వంపులో గంటకు 25 కిలోమీటర్ల నెమ్మదియైన వేగముతో తిరిగినను, సైకిలు బరువులో మూడవ వంతు ప్రక్కకు లాగును. అరకుదారిలో అట్టి లాగుడు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, మరల మరల వచ్చుచునే యుండును. ఎంతటి ముడియైనను ఈ ఊపులకు వదులగుట సహజము.

ఈ సంగతి మన రైతునకు ఏ లెక్కలును లేకయే తెలియును. వరిగడ్డి బండి కట్టునపుడు ఆతడు మోకును గడ్డికి చుట్టి ఊరకుండడు. బండి చట్రమునకు తగిలించి, పైనుండి రెండవవైపునకు విసరి, క్రిందికి లాగి, కాలితో తన్నిపట్టి బిగించును. గడ్డిని బండిలోనికి అదుముటయే ఆ మోకు పని. తరువాత కొంతదూరము పోయి, గడ్డి సర్దుకొని మోకు సడలినపుడు, బండి ఆపి మరల బిగించును. వ్యానులో సైకిలునకు చేయవలసినదియు ఇదియే. ప్రతి సైకిలును విడివిడిగా వ్యాను నేలకు బంధింపవలెను. ఆ బంధము సైకిలును క్రిందికి అదుముచుండవలెను. ఇరుప్రక్కలకును ఏటవాలుగా లాగుచుండవలెను. కరెంటు స్తంభమునకు స్టే వైరు ఏల ఏటవాలుగా కట్టుదురో ఇచ్చటను అందుకే. నిట్టనిలువుగా కట్టిన బెల్టు ప్రక్క ఊపును ఆపలేదు. అడ్డముగా కట్టినది పైకి ఎగురుటను ఆపలేదు. రెంటికి నడుమ, సుమారు 45 డిగ్రీల వాలున ఇటొకటి అటొకటి కట్టినపుడే సైకిలు నిజముగా నిలుచును.

ఇక పద్ధతులలో నా దృష్టికి ఉత్తమమైనది ముందు చక్రమును ఊడదీసి, ఫోర్కునే నేలకు బిగించుట. సైకిలులో ప్రక్కలకు స్వేచ్ఛగా తిరుగు భాగము ఫోర్కు ఒక్కటే. హ్యాండిల్ తిరిగినచో ముందు చక్రము తిరుగును, చక్రము తిరిగినచో సైకిలు మొత్తము ఒరుగును. ఎన్ని తాళ్లు కట్టినను ఈ ఒక్క కీలు వదులుగా నున్నంతకాలము కట్టు నిలువదు. ఫోర్కు కొనలను ఒక దిమ్మకు బిగించితిమా, ఆ కీలు మూసికొనిపోవును. సైకిలు తన ఎముకలతోనే నిలుచును. పైగా ముందు చక్రము పోవుటచే పొడవు సుమారు ఒక అడుగు తగ్గి, ఎత్తును కొంత తగ్గి, చిన్న వ్యానులోను చోటు కలిసివచ్చును. దీనికి కావలసిన దిమ్మలు సైకిలు సామగ్రి అమ్ము పెద్ద దుకాణములలో దొరకును. క్విక్ రిలీజ్ అను లివరుతో ఊడివచ్చు చక్రముగల సైకిళ్లకు ఫోర్కు కొనల నడుమ దూరము 100 మిల్లీమీటర్లు. క్రొత్తగా వచ్చిన త్రూ యాక్సిల్ ఫోర్కులకు కొలతలు వేరు గనుక, దిమ్మ కొనుటకు ముందు తప్పక సరిచూచుకొనవలెను. ఆ లివరును లోకమున ప్రచారములోనికి తెచ్చినవాడు ఇటలీ దేశపు పందెగాడు తుల్లియో కాంపాన్యోలో. ఆతడు 1933లో విచెంజా నగరమున స్థాపించిన కర్మాగారము నేటికిని సైకిలు భాగములకు ప్రసిద్ధి. పానా లేకయే రెండు వ్రేళ్లతో చక్రము ఊడదీయుట పందెములకై పుట్టిన సదుపాయము. ఈనాడు మనకు వ్యానెక్కించునపుడు అది ఎంతయో ఉపకరించుచున్నది.

దిమ్మ కొననక్కరలేదనువారు వడ్రంగిచే చేయించుకొనవచ్చును. వ్యాను వెడల్పునకు సరిపోవు నాలుగంగుళముల వెడల్పుగల గట్టి దూలము ఒకటి, పాత ముందు చక్రముల హబ్బులు రెండో మూడో చాలును. సైకిలు దుకాణములో పాత హబ్బు కొద్ది డబ్బులకే దొరకును. దానిని ఇనుప పట్టీలతో దూలమునకు గట్టిగా బిగించి, ఇరుసు రెండు కొనలును ప్రక్కలకు పొడుచుకొనివచ్చునట్లు ఉంచినచో, ఫోర్కు కొనలు చక్రమున కూర్చున్నట్లే వాని మీద కూర్చుండును. నట్లు బిగించుటయే తరువాయి. నల్లసైకిళ్లకును ఇది చక్కగా సరిపోవును. కాని వాని చక్రము విప్పుటకు పానా కావలెను, ముందు మడ్‌గార్డు కడ్డీలను కొంచెము ప్రక్కకు తొలగింపవలెను. ఒక్క హెచ్చరిక: దూలము వ్యాను నేలకు బోల్టులతోనో, వ్యానులోని కొక్కెములకు బెల్టులతోనో బంధింపబడి యుండవలెను. నేలకు కట్టని దూలము, మేము కట్టిన నైలాను కట్టకంటె మేలైనది కాదు. సైకిళ్లతోపాటు దూలమును ముందుకు వచ్చిపడును. వెనుక చక్రమును మరియొక బెల్టుతో క్రిందికి అదిమి కట్టినచో పని పూర్తియగును.

చక్రము విప్పుటకు వీలులేనపుడు సైకిలును వ్యాను గోడకు ఆనించి నిలుపుటయే గతి. అప్పుడు మొట్టమొదట చేయవలసిన పని పాత ట్యూబును అంగుళము వెడల్పున కోసిన పట్టీతో ముందు బ్రేకు లివరును హ్యాండిలునకు కట్టివేయుట. చక్రము దొర్లుట నిలిచిపోవును. సైకిలు క్యారియరుపై పాలక్యానును కట్టుకొనువాని వద్ద ఈ రబ్బరు పట్టీ ఎప్పుడును ఉండును. దానికి మించిన మెత్తని, చవుకైన బంధము లేదు. తరువాత ముందు చక్రమును ఫ్రేములోని ఏటవాలు గొట్టమునకు మరియొక పట్టీతో కట్టినచో హ్యాండిలు తిరుగుటయు ఆగును. ఈ రెండును చేసిన పిదపనే బెల్టులు కట్టవలెను. గోడకును సైకిలునకును నడుమ గోనెసంచియో పాతదుప్పటియో వేయుట మరువరాదు.

రెండు మూడు సైకిళ్లు ప్రక్కప్రక్కన నిలుపునపుడు ఒకదాని ముఖము ముందుకు, రెండవదాని ముఖము వెనుకకు ఉండవలెను. సైకిలులో అన్నిటికంటె వెడల్పైన భాగము హ్యాండిల్ బారు. రెండు హ్యాండిళ్లు ఒకేచోట కలిసినచో చోటు చాలదు, రాపిడియు తప్పదు. పెడళ్లు రెండవ ప్రమాదస్థానము. స్పోకులను విరిచినది మా ప్రయాణములో పెడలే గదా! వానిని విప్పుట మేలు. కాని ఎడమ పెడలు మర తిరుగుడు తలక్రిందులుగా నుండును. కుడిదానిని విప్పుటకు అప్రదక్షిణముగా తిప్పినట్లు, ఎడమదానిని ప్రదక్షిణముగా తిప్పవలెను. ఇది తెలియక బలముకొలది తిప్పి, మరను పాడుచేసికొనినవారు అనేకులు. విప్పుటకు ఓపిక లేనిచో పెడలునకు మందపు గుడ్డ చుట్టినను చాలును. గేర్ల సైకిలునకు కుడిప్రక్క చైనును, వెనుక డిరైలర్ అను గేరుమార్చు యంత్రమును వ్రేలాడుచుండును గనుక ఆ ప్రక్కను దేనికిని ఆనింపరాదు. ఎప్పుడును ఎడమప్రక్కయే గోడవైపు ఉండవలెను. ఆ యంత్రము వ్రేలాడు చిన్న లోహపు రెక్క, హ్యాంగర్ అనునది, మెత్తని లోహముతో కావలెననియే చేయబడినది. దెబ్బ తగిలినపుడు ఫ్రేము వంగక అదియే వంగి ప్రాణత్యాగము చేయును. అది రవ్వంత వంగినను గేర్లు సరిగా పడవు. గట్టిగా వంగినచో, నడుపుచుండగా యంత్రము స్పోకులలో పడి చక్రమే విరుగును.

త్రాళ్లనుగూర్చి రెండు మాటలు. నైలాను తాడు లాగినకొలది సాగును. సాగినది తిరిగి సడలును. కట్టినపుడు బిగువుగా తోచినది గంట గడచునప్పటికి వదులగుటకు కారణమిదే. పాలియెస్టరు బెల్టు అంతగా సాగదు. ఐరోపా ప్రమాణమును పాటించు బెల్టులకు పాలియెస్టరైనచో నీలిరంగు చీటీ కుట్టి, అది భరింపగల బరువును దానిపై అచ్చువేయుదురు. కొక్కెముగల ఎలాస్టిక్ త్రాళ్లు గుడ్డసంచులకు తగినవేగాని సైకిళ్లకు కావు. అవి సాగుటకే పుట్టినవి, పైగా జారిన కొక్కెము కంటికి తగులు ప్రమాదము కలదు. పంటిచక్రముతో బిగించు రాచెట్ బెల్టు లారీలలో పెద్దసరకులకు మంచిది. దాని బలము చేతికి తెలియనంత ఎక్కువ. ఆ బెల్టును కార్బన్ ఫ్రేము పైగొట్టముమీద వేసి నాలుగు పర్యాయములు బిగించినచో గొట్టము లోలోపల చిట్లవచ్చును. సైకిలునకు చేతితో లాగి నొక్కుపలకతో ఆపు బెల్టు చాలును. తాడే గతియైనపుడు మన లారీలవారి పద్ధతి అనుసరింపదగినది: తాడు నడుమ ఒక ఉచ్చువేసి, కొసను క్రింది కొక్కెములోనుండి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి వెనుకకు లాగుట, లాగిన బలమునకు రెండుమూడు రెట్ల బిగువు దానివలన వచ్చును. ఏది కట్టినను సీటు క్రింది గొట్టమునకో, ఫోర్కు పైభాగమునకో, హ్యాండిలు కాడకో కట్టవలెను. స్పోకులకు, బ్రేకు తీగలకు, మడ్‌గార్డునకు, క్యారియరునకు ఎన్నడును కట్టరాదు.

డిస్కు బ్రేకుగల చక్రము విప్పినపుడు పిల్లలెవరైన ఆ బ్రేకు లివరును నొక్కినచో, నడుమ డిస్కు లేనందున ప్యాడులు ఒకదానికొకటి అతుక్కొనిపోవును; మరల చక్రము ఎక్కించుట కష్టమగును. కనుక ప్యాడుల నడుమ అట్టముక్క మడచి పెట్టవలెను. నూనెతో పనిచేయు బ్రేకులుగల సైకిలును తలక్రిందులుగా ఉంచకుండుట మంచిది; గొట్టములోనికి గాలి చేరి బ్రేకు మెత్తబడవచ్చును. బ్యాటరీ సైకిలైనచో బ్యాటరీని విప్పి, ఎండ తగులని చోట వేరుగా పెట్టుకొనవలెను. ఎండలో నిలిపిన వ్యానులో టైర్లు పేలునని కొందరు గాలి తీసివేయుదురు. 27 డిగ్రీలనుండి 60 డిగ్రీలదాక వేడెక్కినను టైరులోని ఒత్తిడి పెరుగునది నూటికి 11 వంతులే. మంచి టైరునకు అది లెక్కలోనిది కాదు. గాలి పూర్తిగా తీసినచో రిమ్ము నేలకు తగిలి దెబ్బతినును, బెల్టులును వదులగును.

మనుష్యులు కూర్చుండు భాగమునకును సైకిళ్లకును నడుమ అడ్డు ఉండితీరవలెను. ఇనుప జల్లెడయో, గట్టి వలయో, కనీసము నిలబెట్టియుంచిన సీటు వీపో ఉండవలెను. విప్పిన చక్రములు, పెడళ్లు, పానాలు, గాలిపంపు మొదలగునవి ఒక గోతములో వేసి దానిని గూడ కట్టవలెను. చిన్నవస్తువని వదలిన పానా బ్రేకు వేసినపుడు రాయివలె ఎగిరివచ్చును. బయలుదేరిన పదునైదు ఇరువది కిలోమీటర్లకు ఒకసారి ఆగి కట్లన్నియు చేతితో లాగి చూడుడు. ఘాటు మొదలగుటకు ముందు మరియొకసారి చూడుడు. రెండవమారు మేము అరకు పోయినపుడు శృంగవరపుకోటలో టీ త్రాగుటకు ఆగి, నాలుగు బెల్టులలో రెండు సడలియుండగా బిగించితిమి. అదే డ్రైవరు దగ్గరుండి కట్టించెను. పైకి చేరునప్పటికి ఒక్క గీతయైన పడలేదు.

దింపిన తరువాతి పని మిగిలియున్నది. చక్రము ఎక్కించి లివరునో నట్లనో బిగించిన పిదప, సైకిలు ముందుభాగమును చేతులతో పైకెత్తి, చక్రము నెత్తిపై పిడికిలితో ఒక్క దెబ్బ కొట్టుడు. చక్రము ఫోర్కులో కదలరాదు. దానిని తిప్పి రెండు బ్రేకులును పట్టుచున్నవో లేదో చూడుడు. బ్రేకు లివరునకు కట్టిన ట్యూబు పట్టీని విప్పుడు. ఈ మూడును చూడక, పిల్లలు ఎంత తొందరపెట్టినను, వారిని దిగుడు దారిలో సైకిలెక్కనీయకుడు.